మీ అర్జీ పరిష్కరించబడినది

మన నాయకులు జనం మాటకు పలకరని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంత పచ్చి అపనింద ఇంకోటి లేదు. కొనకనమిట్ల మండలంలో ఏ పల్లెలోనైనా ఒక ముసలాయన కన్నుమూశాడనుకోండి, బంధువులు బస్సు దిగకముందే నాయకుడి తెల్లబండి ఆ ఇంటి ముందు ఆగుతుంది. పూలదండ బండి డిక్కీలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. పెద్దకర్మ నాటికి తాను రాలేకపోతే తమ్ముణ్ణో బావమరిదినో పంపుతాడు. ఓణీల ఫంక్షనుకు అక్షింతలు, గృహప్రవేశానికి గోడగడియారం, తిరునాళ్ళ ప్రభకు చందా, బండలాగుడు పందేలకు రెండో బహుమతి. (మొదటి బహుమతి అవతలి పార్టీ ఆయన ముందే చెప్పేసి ఉంటాడు.) ఆసుపత్రిలో మంచం దొరక్కపోతే ఒంగోలుకు ఫోను చేస్తాడు. పిల్లాణ్ణి స్టేషన్లో కూర్చోబెడితే ఎస్సైకి ఫోను చేస్తాడు. రాత్రి పన్నెండింటికి చేసినా ఎత్తుతాడు. లండన్లో కౌన్సిలరు ఎత్తుతాడేమో కనుక్కోండి.

మరి నీళ్ళ మాటేమిటంటారు. అదిగో, మీతో వచ్చిన ఇబ్బందే అది. మనిషి ఇన్ని చేస్తుంటే, చేయని ఒక్కటి పట్టుకుని వేలాడతారు. పైగా ఈ నీళ్ళ గొడవ నిన్నమొన్నటిదా ఏమన్నానా? ఎముకల్ని పీల్చి పిప్పిచేసే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937 నాటిది. షార్ట్ అనే ఆయన, ఇంకొందరు డాక్టర్లు కలిసి రాశారు. వాళ్ళు చూసింది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాను. మన పొదిలి, కనిగిరి వైపంతా అప్పుడు ఆ జిల్లాలోదే. అంటే మన పళ్ళ మీది గార సంగతి, వంకరపోయిన మోకాళ్ళ సంగతి స్వాతంత్ర్యానికి పదేళ్ళ ముందే సర్కారు కాగితాల్లోకి ఎక్కింది. ఇంత పాతదాన్ని ఇంకా తాగునీటి శాఖ దగ్గర ఉంచడం న్యాయం కాదు, పురావస్తు శాఖకు అప్పజెప్పాలి.

అయినా ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1970లో నెల్లూరు నుంచి పొదిలి, కనిగిరి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు, గుంటూరు నుంచి ఒంగోలు వైపు తీసి ఒక కొత్త జిల్లా కుట్టాయి. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టాయి. ఎన్టీఆర్ హయాంలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, కొనకనమిట్లకు సొంత బోర్డు, సొంత ఆఫీసు, సొంత గుమాస్తా దక్కాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు మార్కాపురం పేరు అందులో లేదు. జనం దీక్షలు చేశారు, రోడ్డెక్కారు, అడిగిందే అడిగారు. 2024 ఎన్నికల్లో అది హామీ అయింది, 2025 చివరికి మార్కాపురం జిల్లా అయింది. ఎకసెక్కం పక్కనపెట్టి ఒప్పుకుంటున్నాను, అది జనం గెలిచిన గెలుపే. ఊళ్ళన్నీ కలిసి ఒక్కటే కోరాయి, ఆ కోరిక ఓట్ల లెక్కలోకి ఎక్కేదాకా వదల్లేదు. కాకపోతే పటం మీద గీత గీయడానికి పెన్ను చాలు, భూమిలో గొట్టం వేయడానికి డబ్బు కావాలి. అందుకే మనకు సరిహద్దులు మారినన్నిసార్లు పైపులు మారలేదు. లాభం లేకపోలేదు. నీళ్ళ అర్జీ పట్టుకుని ఇక ఒంగోలు దాకా పోనక్కర్లేదు, మార్కాపురంలోనే ఇవ్వొచ్చు. బస్సు చార్జీ మిగిలింది.

అర్జీ అన్నాను కదా, దాని వైభోగం చెప్పి తీరాలి. 1995లో ‘ప్రజల వద్దకు పాలన’ వచ్చింది. 1997లో ‘జన్మభూమి’. తరవాత ‘రచ్చబండ’. రాష్ట్రం విడిపోయాక ‘మీ కోసం’. 2019లో ‘స్పందన’. 2023లో ‘జగనన్నకు చెబుదాం’. 2024లో ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’. 2025 జనవరిలో వాట్సాప్‌లో ‘మన మిత్ర’. పాలన మన గుమ్మందాకా వచ్చింది, రచ్చబండ మీద కూర్చుంది, స్పందించింది, అన్నయ్య అయింది, వేదిక ఎక్కింది, ఆఖరికి మిత్రుడై మన జేబులో దూరింది. సోమవారం మారలేదు, అర్జీ పట్టుకున్న చెయ్యీ మారలేదు. బల్ల వెనక ఫ్లెక్సీలో ఫోటో మాత్రం అయిదేళ్ళకోసారి మారుతోంది.

మా పడమటి పల్లెల్లో ఒక పెద్దమ్మ ఉందనుకుందాం. పేరెందుకు, ఊరికి పదిమంది ఉంటారు అట్లాంటివాళ్ళు. వీధి కుళాయి ఆర్నెల్లుగా గాలి కక్కుతోంది. కొత్త జిల్లా రాకముందు మాట ఇది. ఆమె తెల్లారగట్ల మొదటి బస్సు పట్టుకుని, పొదిలిలో మారి, ఒంగోలు చేరింది. కలెక్టరేటు బయట చెట్టు కింద అర్జీలు రాసిపెట్టే ఆయన ‘మహారాజశ్రీ కలెక్టరు గారి దివ్యసముఖమునకు’ అని ఎత్తుకుని, ‘తమ దయకై ఎదురుచూచు విధేయురాలు’ అని దించాడు. కుళాయి సంగతి మధ్యలో ఒక లైను. పత్రం సరిగ్గా ఉంది. వరసలో నిలబడగా నిలబడగా కంప్యూటరు ముందున్న అమ్మాయి నంబరు కొట్టి రసీదు చేతికిచ్చింది. పెద్దమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. ఇంతవరకూ వ్యవస్థ అద్భుతంగా పనిచేసింది, ఎవరూ కాదనలేరు.

ఇక అర్జీ దిగడం మొదలుపెడుతుంది. కలెక్టరేటు నుంచి జిల్లా శాఖకు, జిల్లా శాఖ నుంచి డివిజనుకు, డివిజను నుంచి మండలానికి, మండలం నుంచి గ్రామ సచివాలయానికి. సచివాలయంలో ఎవరి లాగిన్‌లో పడుతుందో ఊహించండి. ఆమె ఎవరి చుట్టూ ఆర్నెల్లు తిరిగి విసిగి ఒంగోలు పోయిందో, సరిగ్గా ఆ ఉద్యోగి లాగిన్‌లోనే. గడువులోపల తేల్చకపోతే అతనికి మెమో. పాపం, అతని చేతిలో పైపు లేదు, మోటారు లేదు, పైసా లేదు, ఆ లాగిన్ ఒక్కటే ఉంది. పొద్దుగూకే వేళకు ఆమె గుమ్మం ముందుకొస్తాడు.

“ఏంది పెద్దమ్మా, ఇంత చిన్న పనికి కలెక్టరు దాకా పోవాల్నా? మాకు చెప్తే సరిపోయేది గదా.”

“మీకు చెప్పే గదయ్యా అంతదూరం పొయ్యింది.”

“సరేలే, ఇట్టా వచ్చి కుళాయి పక్కన నిలబడు. ఫోటో తియ్యాల.”

“నీళ్ళు రాట్లేదు గదా నాయనా.”

“ఫోటోలో అది తెలవదులే.”

వారం తిరక్కుండా ఆమె మనవడి ఫోనుకు మెసేజి వస్తుంది: ‘మీ అర్జీ పరిష్కరించబడినది.’ వివరం కావాలంటే దాని కిందే ఉంటుంది: ‘నిధులు మంజూరైన వెంటనే తగు చర్య తీసుకొనబడునని అర్జీదారునకు తెలియజేయడమైనది.’ ఆ సాయంత్రమే అమరావతిలో ఏదో గోడ మీది తెరలో పరిష్కార శాతం వెంట్రుకవాసి పైకి లేస్తుంది. ముఖ్యమంత్రి ఎవరైనా ఆ తెరను చూస్తారు, కలెక్టర్లకు ర్యాంకులిస్తారు, వెనకబడినవాళ్ళను మందలిస్తారు. మూతపడిన అర్జీలకు లెక్కుంది. తెరుచుకున్న కుళాయిలను లెక్కపెట్టమని ఏ పార్టీ ప్రభుత్వమూ ఇంతవరకు ఆ తెరకు నేర్పలేదు.

రసీదు అక్కర్లేని పద్ధతి ఇంకోటి ఉంది. ఖాళీ బిందె. ఎండలు ముదిరాక మార్కాపురం, గిద్దలూరు, పొదిలి రోడ్ల మీద ఎక్కడో ఒకచోట ఈ తంతు నడవాల్సిందే: ఇరవైమంది ఆడవాళ్ళు, ఇరవై ప్లాస్టిక్ బిందెలు, అడ్డంగా లాగిన కంపచెట్టు కొమ్మ, ఆగిపోయిన ఆర్టీసీ బస్సు. కాసేపటికి ఎస్సై వస్తాడు, ఆయన వెనకే విలేకరి, వాళ్ళ వెనక గ్రామీణ నీటి సరఫరా ఏఈ, సాయంత్రానికి ట్యాంకరు. ఒంగోలు కలెక్టరేటు చెట్టుకింద రాయించిన దివ్యసముఖాల కంటే ఈ కంపకొమ్మకు చదువెక్కువ. ప్రాథమిక హక్కు అడుక్కునే ఫారం మా వైపు ప్లాస్టిక్‌తో చేస్తారు, సంతలో దొరుకుతుంది, రంగు మీ ఇష్టం. పక్కవీధి వాళ్ళు మాత్రం ఆ రోజు పొగాకు పనికి పోయారు. రోడ్డెక్కలేదు. కాబట్టి వాళ్ళకు ట్యాంకరు రాదు, వాళ్ళకు దాహం లేదని రికార్డు.

ట్యాంకరును తక్కువ అంచనా వేయకండి. రాజకీయంగా దానంత గొప్ప వాహనం ఇంకోటి పుట్టలేదు. పైపు వేయించిన నాయకుణ్ణి మూడో నెల నుంచి ఎవరూ తలుచుకోరు. నీళ్ళు వస్తున్నంతకాలం ఆయన ఎవరికీ గుర్తురాడు, ఆగిన రోజున తిట్ల వంతుకు గుర్తొస్తాడు. ట్యాంకరు రోజూ వస్తుంది, రోజూ రమ్మని బతిమాలాలి, వచ్చినందుకు రోజూ దణ్ణం పెట్టాలి. ముందు ఏ వీధికి తిప్పాలో చెప్పేవాడు ఆ వీధికి రాజు. ట్రాక్టరు ఎవరిది, బోరు ఎవరి చేలోది, ట్రిప్పుల పుస్తకం ఎవరి దగ్గరుంటుంది అని మీరు అడిగితే మూడు ప్రశ్నలకూ జవాబులు ఒకే ఇంటిపేరుతో వచ్చే ఊళ్ళున్నాయి. తిరగని ట్రిప్పులకు బిల్లులు లేచాయన్న ఆరోపణలు ఈ జిల్లా పత్రికల్లో వేసవితోపాటే వస్తుంటాయి. నిజంగా తోలినవాడు బిల్లు కోసం మళ్ళీ సోమవారం వరసలో పెద్దమ్మ వెనకే నిలబడతాడు. ఒక్క పైపు ఇంతమందికి పని కల్పించగలదా?

పెద్దనీళ్ళ సంగతి వేరు. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య గారి పేరు మోస్తున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. 2004లో రాజశేఖరరెడ్డి మళ్ళీ పనులు మొదలుపెట్టారు. 2024 మార్చి 6న జగన్మోహన్ రెడ్డి జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఒక్కో సొరంగం దాదాపు 18.8 కిలోమీటర్లు, శ్రీశైలం వెనక కొల్లంవాగు నుంచి నల్లమల కడుపులోంచి ఇటు. జలాశయం సామర్థ్యం 53.85 టీఎంసీలు, ఆయకట్టు 4.47 లక్షల ఎకరాలు. అంకెలన్నీ దిట్టంగా ఉన్నాయి, నీళ్ళు ఒక్కటే తక్కువ. అంకితం అయిన తరవాత వచ్చిన ప్రభుత్వం ఇంకా పనులు మిగిలాయని, నిర్వాసితులకు పరిహారం మిగిలిందని తేల్చి కొత్త గడువు చెప్పింది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లకు అంకితం నాటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆమె ఓటు వేసిన ప్రతి ఎన్నికలోనూ వెలిగొండ అభ్యర్థుల కంటే ముందు నామినేషన్ వేసింది.

అవతల కంభంలో ఒక చెరువు ఉంది. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టినది. కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. ఆమెకు ఎన్నికలు లేవు, అర్జీలు లేవు, సంతృప్తి శాతం లేదు. రాచరికమే మేలని నేననడంలేదు, ఆ కొసకు పోకండి. ఓటు లేని కాలంలో కట్టిన కట్ట కింద ఇప్పటికీ వరి పండుతోంది, ఓట్లడిగి తవ్విన సొరంగంలో గాలి ఆడుతోంది, ఆ సంగతి చెబుతున్నానంతే.

2025 జూలై 4న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మార్కాపురం దగ్గర నరసింహాపురంలో 1,290 కోట్ల రూపాయల తాగునీటి పథకానికి శంకుస్థాపన చేశారు. అది పూర్తయి మా వైపు కుళాయిల్లో నీళ్ళొస్తే ఈ వ్యాసాన్ని సంతోషంగా నేనే చించేస్తాను. అప్పటిదాకా దాచుకోండి.

ఇక గ్రామసభ. 1994 పంచాయతీరాజ్ చట్టం ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషినీ ఆ సభలో సభ్యుణ్ణి చేసింది. ఏడాదికి కనీసం రెండుసార్లు కూర్చోమంది. జమాఖర్చుల లెక్క, ఆడిట్ నివేదిక, పోయిన ఏడాది చేసిన పనులు, రాబోయే ఏడాది చేయబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదన, పథకాల లబ్ధిదారుల ఎంపిక, ఇవన్నీ ఆ సభ ముందు పెట్టమంది. చదివితే గుండె ఉప్పొంగుతుంది. జరిగే తీరు చూస్తే మళ్ళీ మామూలైపోతుంది. పదింటికి సభ అంటే పన్నెండింటికి దండోరా వేస్తారు. సర్పంచి ఆడమనిషైతే కుర్చీలో ఆమె భర్త ఉంటాడు, ఆమె ఇంట్లో పొయ్యి దగ్గరుంటుంది. వచ్చిన పదిమందిలో ఆరుగురు సచివాలయ సిబ్బంది. మిగిలిన సంతకాల కోసం రిజిస్టరే కాళ్ళు తెచ్చుకుని బయల్దేరుతుంది, ఇల్లిల్లూ తిరిగి, ఉపాధి పని గట్టు మీదికి పోయి, మస్టరు పక్కనే సంతకాలు పెట్టించుకుని వస్తుంది. మినిట్స్ ముందురోజే రాసి ఉంటాయి: ‘సభ్యులందరూ కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ప్రపంచ రికార్డు అని ఒక సంస్థ పత్రం కూడా ఇచ్చింది. ఉపాధి పనులు ఏవో ఊరే తేల్చుకోవాలన్న ఆలోచన మంచిదే, దాన్ని వెక్కిరించే పాపం నేను చేయను. నా ఆశ చిన్నది. ఆ 13,326 సభల్లో జనం అడిగిన ప్రశ్నలెన్ని, అక్కడికక్కడే జవాబు వచ్చినవెన్ని అని కూడా ఎవరైనా రికార్డు రాసి ఉంటే ఆ పత్రానికి ఇంకో ఫ్రేము నేనే కొనిపెట్టేవాణ్ణి.

గ్రామసభ జరిగితే ఏమొస్తుంది అనేవాళ్ళకు ఒక కబురు. టిమోతీ బెస్లీ, రోహిణి పాండే, విజయేంద్ర రావు అనే ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో అయిదు వందలకు పైగా ఊళ్ళు చూసి 2005లో ఒక పరిశోధన అచ్చేశారు. గ్రామసభ జరిగే ఊళ్ళలో పేదల కార్డులు భూమి లేనివాళ్ళకు, చదువు రానివాళ్ళకు ఎక్కువగా అందాయట. నలుగురి ఎదుట పేర్లు చదవాల్సి వచ్చేసరికి మేడ ఉన్నవాడి పేరు చదవడానికి నోరు రాదు మరి. అయితే మనవాళ్ళ తెలివినీ తక్కువ చేయకూడదు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ మన రాష్ట్రమే దేశానికి నేర్పింది. ఆ తనిఖీల మీద పరిశోధించినవాళ్ళు ఏం కనుక్కున్నారంటే, కూలి డబ్బుల్లో దొరికిపోయే తప్పులు తగ్గి, మెటీరియల్ బిల్లుల్లో దొరకని తప్పులు పెరిగాయి. జనం కళ్ళు తెరవగానే నాయకత్వం స్పందించింది, చోటు మార్చుకుంది. చూశారా, పలకరంటారు!

ఇంకో గొప్ప సంస్కరణ మరవకూడదు. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు పోటీ లేకుండా సర్పంచిని ఎన్నుకున్న ఊళ్ళకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా నజరానా అని ప్రభుత్వం పత్రికల్లో ప్రకటనలిచ్చింది. ఎన్నికల్లో ఓడినవాడు ఊళ్ళో ఉంటే అయిదేళ్ళూ లెక్కలడుగుతాడు. అట్లాంటివాడు అసలు పుట్టకుండా చూసినందుకు బహుమతి. ఊరు నోరు మూసుకోవడానికి ఇంత ధర పలికాక, నోరు తెరిస్తే ఎంత విలువో లెక్కేసుకోండి. తీరా గెలిచిన సర్పంచులకు ఏం మిగిలిందంటే, ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద జమ అయిపోయాయని వాళ్ళే రోడ్డెక్కి ధర్నాలు చేశారు. సర్పంచి కూడా అర్జీదారే అయ్యాక, పెద్దమ్మ ఎవరి గుమ్మం తొక్కాలి?

ఇప్పటిదాకా వాళ్ళను అన్నాను. మనల్నీ కాస్త తడుముకుందాం. నాయకుడి గుమ్మంలో పొద్దున్నే నిలబడి మనం అడిగేదేమిటి? నాకో పింఛను. మావాడికో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. మా బావమరిది కేసులో ఒక మాట. మా వీధికో ట్యాంకరు. ఆయన అన్నీ వింటాడు, సగం చేస్తాడు. అడిగింది అడిగినట్టు ఇచ్చేవాణ్ణి పలకడని ఎట్లా అంటాం? ‘మా పంచాయతీకి పోయిన ఏడాది ఎంతొచ్చింది, ఎక్కడ పెట్టారు’ అని గుమ్మంలో నిలబడి ఎవడూ అడగడు. అడిగితే పక్కనున్నవాడే మోచేత్తో పొడుస్తాడు, మన పని చెడగొడతావేందిరా అని. ఇక పోలింగ్ ముందు రాత్రి తలుపు కింది నుంచి వచ్చే కవరు సంగతి నేను ఎత్తను. అయిదేళ్ళ లెక్క ఆ రాత్రే తేలిపోయింది గదా అని నాయకుడూ ఎత్తడు. ఆయన మర్యాదస్థుడు, మనసులోనే అనుకుంటాడు.

2024 ఎన్నికల ముందు వారం తేడాతో ఇద్దరు పెద్ద నాయకులు ఇటు వచ్చారు. మార్చి 31న చంద్రబాబు మార్కాపురంలో, ఏప్రిల్ 7న జగన్ కొనకనమిట్లలో సభలు పెట్టారు. రెండుచోట్లా ఇసకేస్తే రాలని జనం. అంతమంది ఓటర్లు ఒకచోట చేరి నాయకుణ్ణి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇంటికెళ్ళే ఉత్సవం మనకు తప్ప ఇంకెవరికుంది? అడుగుదామన్నా మైకు ఒక్కటే, అది వేదిక మీదుంది. ‘మీరు సిద్ధమేనా’ అని అటు నుంచి అడుగుతారు, ఇటు నుంచి ఊఁ అంటాం. ప్రశ్న వాళ్ళది, జవాబు మనది. రాజ్యాంగం దీన్ని తిరగేసి రాసినట్టు గుర్తు.

మనకు చేతకాదని కాదు. పక్కనే ఉన్న నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా వద్దని లేచారు. అర్జీలతో సరిపెట్టుకోలేదు. సారా దుకాణం ముందు నిలబడ్డారు, వేలంపాటలు ఆపారు, కలెక్టరు, మంత్రి, ముఖ్యమంత్రి అందరూ వాళ్ళ వెనక నడవాల్సి వచ్చింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం పెట్టారు. ఆడవాళ్ళు అమ్మయ్య అనుకుని పనుల్లో పడ్డారు. 1997లో ఖజానాకు దాహమేసింది, నిషేధం ఎత్తేశారు. గొంతు ఎంతకాలం లేస్తే వినికిడి అంతకాలమే ఉంటుందని ప్రభుత్వం అంత నిజాయితీగా ఇంకెప్పుడూ చెప్పలేదు. అటు వరంగల్ జిల్లా గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి అని ఒక ఊరుంది. నీళ్ళకో కమిటీ, శుభ్రతకో కమిటీ పెట్టుకుని ఊరివాళ్ళే నడుపుకుంటారు. అక్కడికి మన అధికారులు బస్సుల్లో పోయి చూసొస్తుంటారు. ఫోటోలు బాగా వస్తాయి.

ఇంత చదివారు కాబట్టి ఒక చిట్కా చెబుతాను. సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. టీ కంటే చవక. తెల్లకాగితం తీసుకోండి. దివ్యసముఖాలు, విధేయులు ఏమీ వద్దు. ‘పోయిన వేసవిలో మా పంచాయతీకి తోలిన నీటి ట్యాంకరు ట్రిప్పులు ఎన్ని, ఏ తేదీన, ఏ బండి నంబరుతో, బిల్లు ఎవరికి ఎంత చెల్లించారు, నకళ్ళు ఇవ్వండి’ అని రాసి ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం. మీకు అన్నాళ్ళు ఆగే పని ఉండదు. ఆ రాత్రికే ఫోను మోగుతుంది.

“అన్నా, ఇంట్లోనే ఉండావా? సారు మాట్లాడమన్నాడు.”

“చెప్పు తమ్ముడూ.”

“ఏదో కాగితం పెట్టావంట గదా ఆఫీసులో.”

“పెట్టా.”

“నీకేం గావాల్నో చెప్పన్నా. అమ్మకు పింఛను ఆగిందంట గదా, రేపే రాపిస్తాం. మీ వీధికి రోజుకు రెండు ట్యాంకర్లు తోలిస్తాం. పిల్లోడి ఉద్యోగం సంగతి కూడా సారు మర్చిపోలా.”

“అయ్యేం వద్దులే. ఆ బిల్లుల నకళ్ళు చాలు.”

“ఎవురు చెప్పిస్తుండారన్నా నీతో? అవతలి పార్టీ వాళ్ళా?”

“ఎవురూ చెప్పలా. ఎన్ని నీళ్ళు తాగామో తెలుసుకుందామని.”

“సరే అన్నా. సారు పొద్దున్నే మీ ఇంటికొస్తానన్నాడు. వదినను టీ పెట్టి ఉంచమను.”

“రమ్మను, అంతకంటేనా. టీకి నీళ్ళు మాత్రం సారునే తెచ్చుకోమను.”